మలుపుల్లో పోయిన వేగం

వాళ్ళు చేరేసరికి మిగతావాళ్ళు చేతి తొడుగులు వేసుకుంటున్నారు.

ఆమె వెనక సీటు మీంచి దిగి, హెల్మెట్ తీసి, చెమటకి చెంపలకు అంటుకున్న జుట్టును వెనక్కి తోసుకుంది. కొండ మీది టీ కొట్టు ముందు బల్లల నిండా ఖాళీ గ్లాసులు. బిస్కెట్ల ప్లేట్లలో పొడి మాత్రం మిగిలింది. గుంపులో వాళ్ళంతా హాయిగా ఒళ్ళు విరుచుకుంటున్నారు. వాళ్ళ బళ్ళ ఇంజన్లు అప్పటికే చల్లబడిపోయాయి.

"వచ్చేశారా! ఇంకేం, పదండి పదండి," అన్నాడు కెప్టెన్.

ఆయనకు ఊళ్ళో సిమెంటు దుకాణం ఉంది. ప్రతి ఆదివారం ఈ ఎనిమిది బళ్ళ ముందు తోలేది ఆయనే కాబట్టి అందరికీ కెప్టెన్ అయ్యాడు.

"ఒక్క టీ తాగనివ్వండి," అంది ఆమె.

"అయ్యో, తాగండమ్మా. మేం మెల్లగా బళ్ళు తీస్తుంటాం."

మెల్లగా తీయడమంటే ఒక్కొక్క ఇంజనే మొదలవడం. ఆ హోరులో పొగలు కక్కే టీ చేత్తో పట్టుకుని ఎవరూ స్థిమితంగా కూర్చోలేరు. ఆమె ఊదుకుంటూ నిలబడింది. భర్త రెండు గుక్కలు తాగి, నాలుక కాలి, గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. ముందొచ్చినవాళ్ళు బాగా సేదదీరారు. అందరికంటే అలిసిపోయి వచ్చినవాళ్ళకి కూర్చునే సమయం లేదు. ప్రతి ఆదివారం ఇంతే. ఎవరూ కావాలని చేయడం లేదు. అదే ఆమెకు మరీ కష్టంగా ఉండేది, కోప్పడడానికి మనిషి దొరక్క.

"ఏం డాక్టరు గారూ," అన్నాడు కెప్టెన్ బండెక్కుతూ, "మీ బండికి కూడా పంటి నొప్పి ఉన్నట్టుంది. పాతవి పీకించేసి కొత్తవి పెట్టించకూడదూ?"

అందరూ నవ్వారు. భర్త కూడా నవ్వాడు. ఆయన పని పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో. "డాక్టర్ని కాదండీ, పళ్ళు చేస్తానంతే," అని, హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ, "పెట్టిస్తున్నా. ఈ వారమే. ఇంజన్‌లో పిస్టన్లు, క్యామ్‌లు, అన్నీ మార్పిస్తున్నా," అన్నాడు.

ఆమె గ్లాసు మీంచి తలెత్తింది. ఆ మాట ఆమె వినడం అదే మొదలు. ఆయన ఆమె వైపు చూడలేదు.

ఇంటికి వచ్చాక, ఆయన జాకెట్టు తగిలిస్తుంటే అడిగింది.

"దేంతో చేయిస్తారండీ అవన్నీ?"

"ఉన్నాయిగా."

"అవి సముద్రం దాకా వెళ్ళి వద్దామని దాచిన డబ్బులు."

"వెళ్దాం. మంచి ఇంజన్‌తో వెళ్దాం."

"డబ్బంతా ఇంజన్‌కే పోతే పెట్రోలు ఎవరు పోస్తారు? మీ కెప్టెనా?"

ఆయన జాకెట్టు చేతుల్ని లోపలికి బయటికి తిప్పి సరిచేశాడు. సరిగ్గానే ఉన్నదాన్ని సరిచేస్తున్నాడంటే ఇంక ఆ మాట మీద నిలబడిపోయినట్టే. ఆమెకు ఆ సంగతి తెలుసు. పది రోజుల సెలవు ఆమె ఎప్పుడో అడిగి పెట్టుకుంది. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క రోడ్డు, సాయంత్రం ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగడం, వెనకెవరూ ముందెవరూ లేకుండా. ఇంత పెద్ద బండి కొన్నప్పుడు ఆయన చూపించింది ఆ బొమ్మే.

*

మెకానిక్కు వేరెవరో కాదు, ఆమె తమ్ముడే. సోమవారం సాయంత్రం ఇద్దరూ బండిని వాడి షెడ్డులో అప్పజెప్పడానికి వెళ్ళారు. తమ్ముడు చేతులు గుడ్డకు తుడుచుకుని, బావ చెప్పిందంతా విని, బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"బావా, ఇది ఇద్దరు మనుషుల్నీ రెండు పెట్టెల సామాన్నీ వేసుకుని రోజంతా పోవడానికి చేసిన బండి. ఇంజన్ సగం తిరిగితే చాలు, బండెడు బలం ఇస్తుంది. నువ్వడిగిన క్యామ్‌లు వేస్తే బలం పెరుగుతుంది, కాదనను. కానీ ఎక్కడ పెరుగుతుంది? మీటరు ముల్లు ఎర్రగీత దగ్గరకి పోయినప్పుడు. అక్కడికి నువ్వెప్పుడైనా పోయావా?"

"ఇప్పుడు పోతా."

"కింద కాస్త తగ్గుతుంది. వేడెక్కుతుంది. పెట్రోలు తాగుతుంది."

"నువ్వు మెకానిక్కువా, బండి తరఫు వకీలువా?"

"నీ బామ్మర్దిని. అందుకే చెప్తున్నా. బయటివాడైతే ఈపాటికి ఇంజన్ విప్పి బల్ల మీద పరిచేసేవాణ్ణి."

"అడిగింది చెయ్యరా బాబూ. మీ అక్క చాలదూ నన్ను దులపడానికి?"

"నేనేమన్నానిప్పుడు?" అంది ఆమె.

"అనలేదు. అదే భయంగా ఉంది."

తమ్ముడు నవ్వి ఫోన్ తీశాడు. సామాను తెప్పిస్తానన్నాడు. శుక్రవారానికి వస్తుంది. సీలు తియ్యనంతవరకూ వెనక్కి పంపొచ్చు, అది కూడా వచ్చే సోమవారం లోపే. సీలు తీశాక మాత్రం అది మనదే. "ఈలోగా ఉన్న ఇంజన్ ఎలా ఉందో చూసి పెడతా. చెడిపోయిందేమైనా ఉంటే అది ముందు తేలాలి."

"వెనక ఏదో టకటకమంటోంది కూడా," అన్నాడు భర్త. "ఇద్దరం ఎక్కితేనే వస్తోంది."

*

ఆమె పని రెడీమేడ్ బట్టల షాపు వెనక గదిలో. కొన్నవాళ్ళ కొలతకు బట్టలు సరిచేస్తుంది. బుధవారం పొద్దున ఒకాయన కొత్త కోటు తెచ్చి భుజాలు బిగుతుగా ఉన్నాయి, వదులు చేయమన్నాడు. ఆమె ఆయన్ని అద్దం ముందు నిలబెట్టింది. ఆయన అద్దంలో తనను చూసుకోగానే ఊపిరి బిగబట్టి భుజాలు చెవుల దాకా ఎత్తాడు.

"ఒక్కసారి ఊపిరి వదలండి," అంది.

వదిలాడు. భుజాలు దిగాయి. కోటు సరిపోయింది.

"ఇందాక బిగుతుగానే ఉందండీ," అన్నాడాయన అనుమానంగా.

"ఉంటుందండీ. కొత్తది కదా." అంతకంటే ఏమీ అనలేదు. చాలామంది అద్దం ముందు అలాగే నిలబడతారు.

మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఒక పావుగంట రాగలవా? ఆ టకటక ఏంటో నువ్వెక్కితే గానీ తెలిసేలా లేదు. ఇసుక బస్తా కట్టి చూశా, రాలేదు."

"అయితే నేను ఇసుక బస్తా కంటే నయమన్నమాట."

"బరువులో మాత్రం కాదక్కా."

షెడ్డు బయట వాడు బండి సిద్ధంగా పెట్టాడు. ఇంజన్‌లో ఒత్తిడి కొలిచి చూశాడట. కొత్త బండికి ఎంత ఉండాలో ఇంచుమించు అంతే ఉందన్నాడు. ఊరి చివర గుట్ట చుట్టూ ఎక్కే రోడ్డు మీదకు పోనిచ్చాడు. ఆదివారాలు వాళ్ళు వెళ్ళే రోడ్డుకు అది చిన్న చెల్లెలిలా ఉంటుంది. అదే వంపులు, కాస్త పొట్టిగా. ఆమె వెనక పట్టుకునే కమ్మీ మీద చెయ్యి వేసి కూర్చుంది. మొదటి మలుపు వచ్చింది. బండి ముందే కాస్త నెమ్మదించి, ఒక పక్కకు వాలి, అలాగే ఒక్క తీరుగా తిరిగి లేచింది. రెండోది. మూడోది. చప్పుడు ఎక్కడిదో వినిపించింది. పక్క పెట్టె తాళం లోపల వదులై ఆడుతోంది.

తమ్ముడు గుట్ట మీద ఆపి తాళం బిగిస్తూ, ఉన్నట్టుండి అడిగాడు.

"భయం పోయిందా అక్కా?"

"ఏం భయం?"

"మలుపులంటే నీకు భయం కదా."

"ఎవరు చెప్పారు?"

తమ్ముడు స్క్రూడ్రైవర్ ఆపాడు. చెప్పాలా వద్దా అని ఒక క్షణం చూసి, "బావే," అన్నాడు. "అందుకే కదా ఇంజన్ గోల. ‘మలుపు రాగానే మీ అక్క నా నడుం గట్టిగా పట్టేసుకుంటుందిరా, పాపం భయపడుతుంది, నేను తగ్గించేస్తాను, అక్కడ పోయిందంతా తిన్నని రోడ్డు మీద రాబట్టుకోవాలి, దానికి ఇంజన్ చాలట్లేదు’ అన్నాడు. ఎవరితోనూ అనొద్దన్నాడు. నీతో అసలే అనొద్దన్నాడు. అంతా నవ్వుతారట నిన్ను."

ఆమె గుట్ట కింద ఊరి వైపు చూసింది. ఆదివారం పళ్ళ డాక్టరని నవ్వినవాళ్ళూ, వాళ్ళతోపాటు నవ్విన భర్తా గుర్తొచ్చారు.

"నాకు భయమెక్కడిది?" అంది. "ఆ సీటు ముందుకి ఏటవాలుగా ఉంటుంది చూడు. ఆయన మలుపు మధ్యలో బ్రేకు వేస్తారు. నేను జారి ఆయన మీద పడతాను. పడకుండా పట్టుకుంటాను. అంతే."

"నువ్వు పట్టుకున్నావని ఆయన బ్రేకేస్తాడు."

"ఆయన వేశారని నేను పట్టుకుంటాను."

తమ్ముడికి ముందు నవ్వొచ్చింది. ఆమె ముఖం చూసి మానుకున్నాడు. "ఇది ఏ పిస్టన్ మారిస్తే పోతుందక్కా?" అన్నాడు మెల్లగా.

*

ఆ రాత్రి చెబుదామనుకుంది. కానీ అన్నం తింటున్న ఆయన్ని చూస్తే నోరు రాలేదు. ల్యాబులో రోజంతా మైనంతో చేసిన చిన్న చిన్న పళ్ళ మీద కళ్ళు పెట్టి వచ్చినవాడు, చారు పోసుకుంటూ కూడా గిన్నె అంచుని పరీక్షగా చూస్తాడు. ఇన్నాళ్ళూ ఆమె కోసం ఒక మాట పడుతూ వచ్చాడు, అది ఆమెకు తెలియనివ్వలేదు. ఆ మాట పడడానికి కారణమే లేదని చెబితే ఆయన దగ్గర ఏం మిగులుతుంది? గురువారం చెప్పలేదు. శుక్రవారం డబ్బా వచ్చిందని తమ్ముడు ఫోన్ చేశాడు.

శనివారం ఇద్దరూ షెడ్డుకు వెళ్ళారు. డబ్బా పని బల్ల మీద ఉంది, పెద్దదేం కాదు. నాలుగు పక్కలా టేపు, మీద ఎర్ర సీలు. తమ్ముడు దాని పక్కనే కటింగ్ బ్లేడు పెట్టి, తనకేమీ పట్టనట్టు వేరే బండి చైనుకు నూనె వేస్తున్నాడు. భర్త బ్లేడు అందుకున్నాడు.

"ఏవండీ," అంది ఆమె. "నాకు భయం లేదు."

"దేనికి?"

"మలుపులంటే."

ఆయన బావమరిది వైపు చూశాడు. బావమరిది చైను వైపు చూశాడు.

"మరి పట్టుకుంటావుగా అంత గట్టిగా?"

"జారతానని. మీరు బ్రేకేసినప్పుడు."

"నువ్వు పట్టుకుంటావనే కదా నేను..." ఆయన ఆగిపోయాడు. బ్లేడుని డబ్బా పక్కన పెట్టాడు, అంచుకు సమానంగా. "ఎప్పుడూ చెప్పలేదే," అన్నాడు.

"మీరెప్పుడూ అడగలేదు."

కోపమొస్తుందనుకుంది. రాలేదు. దాచుకున్నదేదో తెరిచి చూస్తే లోపల ఖాళీగా ఉన్నప్పటి ముఖం పెట్టాడు. ఆమెకు చెప్పకుండా ఉంటే బాగుండేదేమో అనిపించింది.

"అయితే ఇంజన్ సరిపోతుందన్నమాట," అన్నాడు తమ్ముడు మెల్లగా.

"రేపు చూద్దాం," అన్నాడు భర్త. "రేపు ఈవిడ పట్టుకోకుండా కూర్చుంటుంది. అప్పటికీ వెనకబడితే ఇంజనే. సోమవారం పొద్దున్నే వచ్చి విప్పుతాం."

"సముద్రం?" అంది ఆమె.

"రేపు చూద్దామన్నాగా."

*

ఆదివారం ఎండ పెద్దగా లేదు. తిన్నని రోడ్డు మీద వాళ్ళ బండి ఎవరికీ తీసిపోలేదు. కెప్టెన్ వెనక మూడోదిగా పోతూ ఉంది. ఆమె వెనక కమ్మీని ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చెయ్యి మోకాలి మీద పెట్టుకుని నిటారుగా కూర్చుంది. ఆయన వీపును ఇలా ఇంత దూరం నుంచి చూడడం ఆమెకు కొత్త. ఎప్పుడూ జారి ఆయనకు అతుక్కుపోయి, రోడ్డు పక్క పొదలే చూస్తూ వచ్చేది.

కొండ మొదలైంది.

మొదటి మలుపు ఇంకా రాలేదు. పసుపు బోర్డు మాత్రం కనిపించింది. ఆయన భుజాలు లేచాయి. జాకెట్టు మెడ హెల్మెట్ అంచుకు తగిలేదాకా లేచాయి. మోచేతులు కర్రల్లా బిగిశాయి. ఆమె కమ్మీని గట్టిగా పట్టుకుంది, కాళ్ళతో తొక్కి తనను తాను వెనక్కి నెట్టుకుంది. ఆయన్ని ముట్టుకోలేదు, కొంచెం కూడా కదలలేదు. మలుపు నడిమధ్యకి వచ్చాక బ్రేకు పడింది.

వెనక బండి హారన్ కొట్టి పక్కనుంచి దాటిపోయింది. రెండో మలుపు. మళ్ళీ భుజాలు. మళ్ళీ బ్రేకు, ఈసారి ఇంకా ముందే. ఇంకొకరు దాటారు. నాలుగో మలుపు దగ్గరికి వెనక ఎవరూ మిగల్లేదు.

ఆమె ఆ వీపును చూస్తూ కూర్చుంది. ఆయన అబద్ధం ఆడలేదు. ఆమె చెయ్యి నడుం మీద పడినప్పుడల్లా అది ఆమె భయమేనని నిజంగానే నమ్మాడు. నమ్మడానికి ఆ చెయ్యి ఉంది. ఇవాళ ఆ చెయ్యి లేదు. ఇప్పుడు ఆయనకూ తెలిసిపోతోంది. ఈ మలుపు దగ్గర తెలియకపోతే తరవాతి దానిలో తెలుస్తుంది.

ఐదో మలుపు ముందు ఆమె కమ్మీ వదిలేసి, ఆయన నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది. గట్టిగా, ఎప్పటిలాగే.

భుజాలు కాస్త దిగాయి. బ్రేకు పడింది.

టీ కొట్టు దగ్గర అందరూ అప్పుడే లేస్తున్నారు. కెప్టెన్ చేతి తొడుగుల్లోకి వేళ్ళు దూరుస్తూ, "ఏం డాక్టరు గారూ, కొత్త పళ్ళు ఇంకా రాలేదా?" అన్నాడు.

భర్త స్టాండు వేస్తున్నాడు. ఆయన నోరు తెరవకముందే ఆమె అంది:

"బండిదేం లేదండీ. మలుపులంటే నాకు భయం. నెమ్మదిగా పొమ్మని నేనే చెప్తుంటాను."

"అరె, ముందే చెప్పొద్దూ అమ్మా!" అన్నాడు కెప్టెన్. ఆయన గొంతులో నవ్వు లేదు. ఉన్నట్టుండి పెద్దమనిషి అయిపోయాడు. "ఆడవాళ్ళకు ఉంటుంది. తప్పేముంది."

భర్త హెల్మెట్ తీశాడు. దాన్ని బండి అద్దానికి తగిలించాడు. అది కుదురుగా ఉందో లేదో ఒకసారి చూశాడు.

"ఆవిడకేం భయం లేదండీ," అన్నాడు. "నాకే."

కెప్టెన్ అర్థం కానట్టు చూశాడు.

"మలుపు వస్తే చెయ్యి దానంతటదే బ్రేకు నొక్కేస్తోంది. ఇవాళే తెలిసింది నాకు. ఆవిడ నా కోసం అంటోంది."

ఎవరూ నవ్వలేదు. ఒకరి ఇంజన్ అప్పటికే మొదలై ఉంది. ఆ బండాయన దాన్ని ఆపేశాడు. అందరిలోకీ పెద్ద బండి తోలే లావుపాటి మనిషి, లారీ అని పిలుస్తారు, గొంతు సవరించుకుని, "ఆ ఆరో మలుపు దగ్గర, ఆ లోయ పక్కన, నాకూ గుండె నోట్లోకి వస్తుందండీ," అన్నాడు. "రాళ్ళు చూడకుండా కళ్ళు పక్కకు తిప్పేసుకుంటా."

"ఓరి నీ! అక్కడ కళ్ళు పక్కకు తిప్పుతున్నావా? నీ వెనక వచ్చేది నేనయ్యా!" అన్నాడు ఇంకొకాయన. అప్పుడు నవ్వారు.

కెప్టెన్ వేసుకున్న తొడుగులు మళ్ళీ తీసి జేబులో పెట్టుకున్నాడు. "కూర్చోండి, కూర్చోండి. ఇంకో విడత టీ చెప్పు," అని కొట్టువాడికి కేకేశాడు. భర్త వైపు తిరిగి, "దిగేటప్పుడు మీరు ముందు పొండి. మేం వెనక వస్తాం," అన్నాడు.

"మీకు విసుగేస్తుంది."

"వెయ్యనీ. రోజంతా సిమెంటు కొట్లో కూర్చునేవాడికి విసుగు కొత్తా?"

భర్త కొంచెం దూరం జరిగి ఫోన్ తీశాడు. ఆమెకు ఆయన మాటలు మాత్రమే వినిపించాయి.

"ఒరేయ్, ఆ డబ్బా పంపించెయ్... లేదు, సీలు అలాగే ఉండనీ... ఏమైందో వచ్చాక చెప్తా... నీ పొట్ట కొట్టలేదురా, సముద్రానికి వెళ్ళేముందు సర్వీసింగ్ నీ దగ్గరే కదా." ఫోన్ జేబులో పెట్టుకుని వచ్చి, ఆమె పక్కన బల్ల మీద కూర్చున్నాడు.

దిగేటప్పుడు ముందు రోడ్డంతా ఖాళీగా ఉంది. ఆమె చెయ్యి ఆయన నడుం మీద ఊరికే వేసి ఉంచింది. పసుపు బోర్డు కనిపించగానే ఆయన భుజాలు లేచాయి. "ఊపిరి వదలండి," అంది ఆమె ఆయన హెల్మెట్ దగ్గరగా. వదిలాడో లేదో తెలియలేదు. మలుపుకు చాలా ముందే ఆయన వేగం తగ్గించాడు. మధ్యలో బ్రేకు వెయ్యలేదు. ఆమె జారలేదు. అద్దంలో, వాళ్ళ వెనక, ఏడు బళ్ళూ ఒకదాని తరవాత ఒకటి నెమ్మదించాయి.